మేనత్తలు కట్టించిన ఊరు

రుషికొండలో ఉండేవాళ్ళకి కొండా నీళ్ళూ పక్కపక్కన చూడటం అలవాటు. విశాఖపట్నం నుంచి భీమిలి వైపు వెళ్తుంటే కుడిచేతి వైపు సముద్రం, ఎడమచేతి వైపు ఎర్రమట్టి కొండలు. ఆ కొండల్లో రెంటి పేర్లు బావికొండ, తొట్లకొండ. రెండు పేర్లూ నీళ్ళ కోసం పడ్డ పాట్ల నుంచి వచ్చినవే. కొండమీద పడ్డ వానచుక్కని జారిపోనివ్వకుండా రాతిలో తొలిచిన తొట్లు ఇప్పటికీ అక్కడ ఉన్నాయి. 1976లో నౌకాదళం వాళ్ళు విమానం నుంచి సర్వే చేస్తుంటే తొట్లకొండ శిథిలాలు కంటబడ్డాయి. 1988 నుంచి 1993 వరకు రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వితే స్తూపాలూ, చైత్యాలూ, భిక్షువుల గదులూ, వాటితోపాటు శాతవాహనుల సీసం నాణేలు కొన్ని, రోమన్ వెండి నాణేలు కొన్ని దొరికాయి. వంటశాల, భోజనశాల కూడా బయటపడ్డాయి.

నాకు ఆ వంటశాల దగ్గరే ఆలోచన ఆగిపోతుంది. ధ్యానశాలలూ గదులూ సరే, భిక్షువు అన్నవాడు వండుకోడు, పండించుకోడు, సంపాదించుకోడు. మరి ఇంతమందికి బియ్యం ఎవరు పంపారు? ఈ ఇటుకలకి ఎవరు డబ్బిచ్చారు? బౌద్ధం గురించి మన పుస్తకాల్లో శూన్యవాదం గురించి పేజీలకు పేజీలు ఉంటాయిగానీ బియ్యం గురించి ఉండదు. బియ్యం గురించి అడిగితే ఆడవాళ్ళు కనిపిస్తారని కాబోలు.

ఈ ప్రశ్నకి జవాబు రాళ్ళమీద చెక్కి ఉన్న చోటు కృష్ణ ఒడ్డున ఉంది. చుట్టూ నల్లమల కొండలు, మధ్యలో చెరువులాంటి నీళ్ళు, ఆ నీళ్ళ అడుగున ఒక రాజధాని. దాన్ని నాగార్జునకొండ అంటున్నాం. క్రీస్తు శకం మూడో శతాబ్దంలో అక్కడ కాపురమున్నవాళ్ళు విజయపురి అన్నారు.

విజయపురి సౌత్ నుంచి లాంచీ ఎక్కితే దీవికి చేరటానికి దాదాపు గంట. దారిపొడవునా కొండలు నీళ్ళలో మోకాళ్ళ దాకా దిగి నిలబడ్డట్టు ఉంటాయి. ఆ దీవి నిజానికి దీవి కాదు, ఒకప్పటి కొండ. దాని తలమాత్రమే పైన మిగిలింది. లాంచీలో గైడు చెప్పే కథలో ముగ్గురు మగవాళ్ళుంటారు. ఆచార్య నాగార్జునుడు, జవహర్‌లాల్ నెహ్రూ, ఆ తర్వాత ఎవరో ఒక ఇంజినీరు. మొదటాయన విశ్వవిద్యాలయం పెట్టాడు, రెండో ఆయన 1955 డిసెంబరు 10న ఆనకట్టకి శంకుస్థాపన చేశాడు, మూడో ఆయన కట్టాడు. వినటానికి బాగానే ఉంటుంది. చిక్కేమిటంటే ఆ లోయలో దొరికిన ఇక్ష్వాకుల శాసనాల్లో ఏ కట్టడాన్నీ కట్టించినవాడిగా నాగార్జునుడి పేరు లేదు. మహాచైత్యం దగ్గర ఉన్న పేర్లు వేరు. చాంతిసిరి, అడవి చాంతిసిరి, చుళ చాంతిసిరిణిక, బపిసిరిణిక, ఛఠిసిరి, రుద్రధర భట్టారిక. అందరూ ఆడవాళ్ళే.

1926లో మద్రాసు శాసన శాఖలో తెలుగు సహాయకుడిగా ఉన్న ఎ.ఆర్. సరస్వతి ఈ స్థలాన్ని గుర్తించారు. 1927 నుంచి 1931 వరకు లాంగ్‌హర్‌స్ట్ తవ్వాడు. శాసనాలు చదివి అచ్చువేసినవాడు ఫోగెల్ అనే డచ్చి పండితుడు. (మా భీమిలి సమాధుల్లో నిద్రపోతున్న వర్తకుల దేశస్థుడే. వాళ్ళు బట్టల మూటలు పట్టుకెళ్తే ఈయన పేర్లు వెలికి తీశాడు.) ప్రాకృతంలో ఉన్న ఆ శాసనాలు మొదటిసారి చదివినప్పుడు సాహిత్య విద్యార్థినిగా నన్ను పట్టుకున్నది వాటి వ్యాకరణం. సంస్కృత ప్రశస్తిలో కర్త రాజు. అతను గెలుస్తాడు, దానం చేస్తాడు, యజ్ఞం చేస్తాడు. ఇక్కడ రాజు చాలా వరకు విశేషణం. ఫలానా రాజు చెల్లెలు, ఫలానా సేనాపతి భార్య, ఫలానా వాడి తల్లి అంటూ మగవాళ్ళంతా షష్ఠీ విభక్తిలో వరసగా నడుస్తారు. చివరికి ఆమె వస్తుంది. ఆమె పేరు, ఆమె చేసిన పని.

చాంతిసిరి సంగతే చూడండి. చరిత్ర పుస్తకాలు ఆమెని శాంతిశ్రీ అని సంస్కృతీకరించాయి. నేను ఆమె చెక్కించుకున్న పేరుతోనే పిలుస్తాను. వంశం నిలబెట్టిన వాసిష్ఠీపుత్ర శాంతమూలుడికి ఆమె తోబుట్టువు. పూకీయ వంశపు మహాసేనాపతి, మహాతలవర కందసిరి ఆమె భర్త. శాంతమూలుడి కొడుకు మాఠరీపుత్ర వీరపురుషదత్తుడు రాజ్యానికొచ్చిన ఆరో ఏట ఆమె మహాచైత్యానికి స్తంభాలు నిలబెట్టింది. ఆ ఆరో ఏడే మిగతా ఆడవాళ్ళ స్తంభాలు కూడా నిలిచాయి. ఇది ఒకరి భక్తి కాదు. ఒక ఇంటి ఆడవాళ్ళంతా కూడబలుక్కుని చేసిన పని. 106 అడుగుల వ్యాసమున్న స్తూపం అది. పని పర్యవేక్షించి పూర్తి చేసిన భిక్షువు ఆనందుడు దీఘ, మజ్ఝిమ నికాయాలు వచ్చినవాడని కూడా ఆ శాసనాలు చెబుతాయి. పండితుడి చదువుకి ఖర్చుపెట్టిన మనిషే ఆ చదువుని రాతిమీద నమోదు కూడా చేయించింది.

పన్నెండేళ్ళ తర్వాత, వీరపురుషదత్తుడి పద్ధెనిమిదో ఏట, ఆమె ఒక చైత్యగృహం కట్టించింది. ఆ శాసనంలో ఒక కొత్త మాట ఉంది. రాజు ఆయువు కోసం, విజయం కోసం ఈ పుణ్యం అంటూ, ఆ రాజుని తన ‘జామాత’ అంది. అల్లుడు! రాజ్యమేలేవాడు ఆమెకి మొదట అన్నదమ్ముడి కొడుకు, ఇప్పుడు అల్లుడు కూడా. అంటే ఆరో ఏటికీ పద్ధెనిమిదో ఏటికీ మధ్య మేనత్త కూతురుతో మేనమామ కొడుక్కి పెళ్ళయిందన్నమాట. మనిళ్ళల్లో మొన్నమొన్నటిదాకా జరిగిన మేనరికమే. వీరపురుషదత్తుడి భార్యల్లో బపిసిరిణిక, ఛఠిసిరి మరో మేనత్త హమ్మసిరిణిక కూతుళ్ళు. ఉజ్జయిని నుంచి వచ్చిన రుద్రధర భట్టారిక మాత్రం బయటి సంబంధం.

చరిత్రకారులు దీన్ని ద్రావిడ బంధుత్వ పద్ధతి అని ఒక వాక్యంలో ముగిస్తారు. మనం అంత తొందరగా ముగించనక్కర్లేదు. మేనరికంలో ఆస్తి బయటికి పోదని అందరికీ తెలుసు. మేనత్త అత్తగారయిన ఇంట్లో కోడలికి కాస్త ఊపిరాడుతుందని కూడా కొందరంటారు. మా అమ్మమ్మ తరం ఆడవాళ్ళని అడిగితే అదీ నిజమే, దానికి విరుద్ధమూ నిజమే అంటారు. కానీ మూడో శతాబ్దపు విజయపురిలో మేనరికం వల్ల ఇంకొకటి జరిగింది. పెళ్ళై వేరే వంశానికి వెళ్ళిన ఆడపిల్ల, కూతురి ద్వారా తిరిగి పుట్టింటి సింహాసనానికి అత్తగారైంది. పుట్టింటిలో ఆమె మాటకి ఉన్న బరువు పోలేదు, పెరిగింది. ఆ బరువు రాతిమీద కనబడుతోంది.

కానీ ఆ శాసనంలో అల్లుడి పేరుంది. కొడుకు ఖందసాగరనాగుడి పేరు వేరే శాసనాల్లో ఉంది. ఏ కూతురి వల్ల రాజు అల్లుడయ్యాడో ఆ అమ్మాయి పేరు లేదు.

దీన్ని దాటవేసి ‘మహిళా సాధికారత’ అని చప్పట్లు కొట్టటం నాకు చేతకాదు. రాయించింది ఆడమనిషే. అయినా రాజుతో తన వరస చెప్పుకోవటానికి కూతురు వంతెన అయ్యింది, వంతెనకి పేరు పెట్టలేదు. ఇక్ష్వాకు రాజులు వాసిష్ఠీపుత్ర, మాఠరీపుత్ర అని తల్లి పేరుతో పిలిపించుకున్నారు కదా, స్త్రీకి ఎంత గౌరవమో అని గైడు అంటాడు. కొందరు ప్రొఫెసర్లూ అంటారు. వాసిష్ఠి అంటే వసిష్ఠ గోత్రంలో పుట్టినది అని అర్థం. అది ఆమె పేరు కాదు, ఆమె తండ్రి గోత్రం. మన సభల్లో ‘శ్రీమతి ఫలానారావుగారు’ అని పిలిచినట్టే. తల్లిని తలచినట్టూ ఉంటుంది, తల్లి ఎవరో తెలియనట్టూ ఉంటుంది.

రాజులు వైదికులు, రాణులు బౌద్ధులు. ఇది ఇక్ష్వాకుల గురించి అన్ని పుస్తకాల్లో ఉండే మాట. శాంతమూలుడు అశ్వమేధం, వాజపేయం చేశాడు. ఇంటి ఆడవాళ్ళు స్తూపాలు కట్టించారు. దీనికి రెండు వ్యాఖ్యానాలు వినబడతాయి. ఒకటి, ఆడవాళ్ళకి భక్తి ఎక్కువ. దీన్ని గురించి మాట్లాడటం వృథా. రెండోది, రాజనీతి. వర్తకులు, వృత్తికారులు బౌద్ధాన్ని ఆదరిస్తున్నారు కాబట్టి ఒక కాలు యజ్ఞశాలలో, ఒక కాలు ఆరామంలో పెట్టిన కుటుంబ వ్యూహం. ఇందులో నిజముంది. కానీ ఈ రెండో వ్యాఖ్యానంలో కూడా వ్యూహం మగవాళ్ళది, ఆడవాళ్ళు దాన్ని అమలుచేసే చేతులు. చాంతిసిరి శాసనం ఆమెని శ్రమణులకీ, బ్రాహ్మణులకీ, దీనులకీ ఎడతెగకుండా దానం చేసే మహాదానపత్ని అంటుంది. ఆమె జాబితాలో బ్రాహ్మణులు కూడా ఉన్నారు. యజ్ఞంలో భార్య పక్కన కూర్చోవాలే గానీ యజమాని కాలేదు. ఆరామంలో ఆమె తన పేరుతో దాత కావచ్చు. ఈ తేడా ఆ ఇంటి ఆడవాళ్ళకి తెలియదనుకోవటానికి నాకు కారణం కనబడదు.

ఇంతకీ డబ్బెక్కడిది? ఒకసారి మా పిల్లలతో లాంచీలో వెళ్తున్నప్పుడు బి.ఏ. రెండో సంవత్సరం చదివే అమ్మాయి ఈ మాటే అడిగింది. “వీళ్ళకి సొంత డబ్బుందా మేడమ్, మొగుళ్ళిచ్చారా?” పక్కన కూర్చున్నవాళ్ళు నవ్వారు. స్త్రీధనం మీద ధర్మశాస్త్రాలు ఎంత జుట్టు పట్టుకున్నాయో చదివినవాళ్ళెవరూ ఆ ప్రశ్నకి నవ్వరు. రాణుల విషయంలో జవాబు చెప్పటం కష్టం, ఖజానా ఎవరిదో విడదీయలేం. అందుకే నేనా అమ్మాయికి బోధిసిరి గురించి చెప్పాను.

బోధిసిరి రాణి కాదు. గోవగామానికి చెందిన గృహపతి కుటుంబంలోని ఉపాసిక. వీరపురుషదత్తుడి పద్నాలుగో ఏట శ్రీపర్వతం మీద చుళధమ్మగిరిలో ఆమె ఒక చైత్యగృహం కట్టించింది. ఎవరికోసం? సింహళం నుంచి వచ్చిన ఆచార్యుల కోసం. వాళ్ళు ఏయే దేశాలవాళ్ళని ధర్మానికి మళ్ళించారో కూడా చెక్కించింది. కాశ్మీరం, గాంధారం, చీనా, కిరాతం, తోసలి, అపరాంతం, వంగ, వనవాసి, యవన, దమిళ, పాలూరు, తామ్రపర్ణీ ద్వీపం. నల్లమల లోయలో నిలబడి ఒక గృహిణి గీసిన ప్రపంచపటం ఇది. ఇందులో తోసలి, పాలూరు మా రుషికొండ నుంచి తీరం పట్టుకుని పైకి వెళ్తే వచ్చే కళింగ దేశంలోవి. తొట్లకొండ మీద భిక్షువులు రోజూ చూసిన సముద్రం ఆ దారిలోదే. రాజ్యమేలేవాడి శాసనంలో గెలిచిన ఊళ్ళుంటాయి. ఈమె శాసనంలో మనుషులు నడిచి వెళ్ళిన, ఓడెక్కి వెళ్ళిన ఊళ్ళున్నాయి.

అక్కడితో ఆగలేదు. తను ఇదివరకు చేసినవన్నీ ఖాతా పుస్తకంలా ఒకచోట రాయించింది. కులహ విహారంలో చైత్యగృహం, సింహళ విహారంలో బోధివృక్షానికి గుడి, మహాధమ్మగిరి మీద ఒక గది, దేవగిరి మీద ధ్యానశాల, పుబ్బసేలలో చెరువూ మండపమూ, కంటకసేలలో మహాచైత్యం తూర్పు ద్వారం దగ్గర రాతి మండపం, హిరుముఠువలో మూడు గదులు, పాపిలలో ఏడు గదులు, పుప్ఫగిరి మీద రాతి మండపం. కంటకసేల అంటే ఇప్పటి ఘంటసాల. కృష్ణ పొడవునా, సముద్రం దాకా ఈమె డబ్బు పారింది. పుణ్యంలో వాటా ఎవరెవరికి పోవాలో కూడా రాయించింది. తల్లీ తండ్రీ, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, మేనల్లుళ్ళు, మేనకోడళ్ళు, కూతుళ్ళు, పేరుపేరునా. బంధువుల్లో ఒకాయన కోష్ఠాగారికుడు, అంటే ధాన్యపు కొట్ల మీద అధికారి. డబ్బెక్కడిదన్న ప్రశ్నకి ఈ ఒక్క మాట కొంత జవాబు. ధాన్యమూ వర్తకమూ ఉన్న ఇల్లు. ఆ ఇంట్లో లెక్క తెలిసిన ఆడమనిషి.

మన మధ్యతరగతి ఇళ్ళల్లో పెళ్ళికి ఎవరేం పెట్టారో నోటుబుక్కులో రాసి పెట్టుకునే పెద్దమ్మలుంటారే, బోధిసిరి గొంతులో నాకు వాళ్ళు వినబడతారు. భక్తి ఉంది, దాంతో సమానంగా లెక్క ఉంది.

అయితే ఈ కథలో ఇంకొకవైపు కూడా చూడాలి. విజయపురికి ముందరి కాలపు అమరావతిలో దాతలుగా రాణుల కంటే మామూలు ఆడవాళ్ళు, భిక్షుణులు ఎక్కువ. తోలుపని చేసే విధికుడి కుటుంబం ఇచ్చిన పూర్ణకుంభ ఫలకం అక్కడిదే. విజయపురికి వచ్చేసరికి భిక్షుణులు దాదాపు కనిపించరు. సంఘంలో చేరి సంసారాన్ని వదిలిన స్త్రీ తప్పుకుని, సంసారంలో ఉండి సంఘాన్ని పోషించే స్త్రీ ముందుకొచ్చింది. థేరీగాథల్లో రోకలినీ మొగుణ్ణీ వదిలేసి ఊపిరి పీల్చుకున్న ఆడవాళ్ళ వారసత్వం ఇక్కడికొచ్చేసరికి పలచబడిందనే అనిపిస్తుంది. ఎహువుల శాంతమూలుడి కాలంలో ఖండువుల అనే మహాదేవి ఒక అమ్మతల్లి శిల్పం చేయించింది. తల లేకుండా, నగ్నంగా ఉన్న ఆ తల్లి శిల్పం మీద తనని ‘అవిధవ’, ‘జీవపుత్ర’ అని చెప్పుకుంది. భర్త బతికున్నది, బిడ్డలు బతికున్నది. రాణికి కూడా అంతకంటే గొప్ప బిరుదు దొరకలేదు. పదిహేడు వందల ఏళ్ళ తర్వాత పేరంటానికి పిలిచేటప్పుడు మనం చేసే ఎంపిక ఇదే. ఆ శిల్పం ముందు నిలబడితే నాకు చాంతిసిరి స్తంభాల దగ్గర కలిగిన ఉత్సాహం సగం దిగిపోతుంది. దిగిపోవటం మంచిదే.

భండారు అచ్చమాంబ 1901లో ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ మొదటి సంపుటం ప్రచురించారు. తెలుగులో స్త్రీల చరిత్ర రాయటానికి పూనుకున్న మొదటి మనిషి. కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టి, ఈ లోయకి ఎగువన ఉన్న దేవరకొండలో కొంతకాలం పెరిగారు. 1905లో, ముప్ఫై ఏళ్ళు దాటీ దాటకుండానే పోయారు. ఆవిడ గ్రంథాలు వెతుకుతున్న రోజుల్లో చాంతిసిరి, బోధిసిరి ఆ దగ్గరలోనే మట్టి కింద ఉన్నారు. బయటపడటానికి ఇంకా ఇరవై ఒక్క ఏళ్ళు పట్టింది. ఆవిడ తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు శాసనాలు చదివే చరిత్రకారుడు. ఆ అక్కాతమ్ముళ్ళ చేతికి ఈ శాసనాల నకళ్ళు అందివుంటే రత్నమాల ఎలా ఉండేదో ఊహించుకోవటం నాకిష్టం. ‘సచ్చరిత్ర’ అన్న మాట ఉండేదా?

బయటపడ్డాక కూడా ఎక్కువకాలం పైన ఉండలేదు. ఆనకట్ట కట్టాలని నిర్ణయమయ్యాక 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో హడావిడిగా లోయంతా తవ్వారు. వందకు పైగా స్థలాలు. కొన్ని కట్టడాల్ని విప్పి కొండమీద తిరిగి పేర్చారు, కొన్నిటిని అనుపుకి తరలించారు. 1966లో కొండమీద మ్యూజియం తెరిచారు, 1967లో కాలవలకి నీళ్ళు వదిలారు. ఆ నీళ్ళ వల్ల నల్గొండ, గుంటూరు జిల్లాల్లో ఎన్ని వంటిళ్ళలో అన్నం ఉడికిందో నాకు తెలుసు. ఆనకట్ట వద్దనే మాట నేననను. కానీ లోయలో బతికి ఉన్న ఊళ్ళు కూడా ఉండేవి. పుల్లారెడ్డిగూడెం అందులో ఒకటి. మునిగిన రాజధానికి మ్యూజియం ఉంది, మునిగిన ఊళ్ళకి లేదు. సిమెంటు కాంక్రీటు బదులు రాతితో కట్టిన ఆ గోడకి రాళ్ళు మోసినవాళ్ళలో ఆడకూలీలు వేలల్లో ఉన్నారు. చాంతిసిరి స్తూపానికి ఇటుకలు మోసినవాళ్ళ పేర్లు మనకెలా దొరకలేదో, వీళ్ళవీ అలాగే దొరకవు. రెంటికీ మధ్య పదిహేడు శతాబ్దాలు. ఈ రెండోసారి మాత్రం మస్టర్ రోళ్ళూ, వేలిముద్రలూ ఉండేవి. ఎవరైనా దాచి ఉంటే బాగుండును.

ఇక్కడ మా రుషికొండనీ 2021 నుంచి తవ్వారు. పాత హరిత రిసార్టు పడగొట్టి కొత్త భవనాలు లేపారు. వివాదం కోర్టుల దాకా వెళ్ళింది. రాజకీయాలు అందరికీ తెలిసినవే కాబట్టి వాటిలోకి పోను. తొట్లకొండ మీద రాతిలో తొలిచిన తొట్టెని చూసి, అటు నుంచి కిందికి దిగివచ్చి ఆ కోసిన కొండ పక్కని చూస్తే, కొండమీద కట్టటానికీ కొండని పడగొట్టి కట్టటానికీ తేడా తెలుస్తుంది. అంతే చెప్పగలను.

నాగార్జునకొండకి వెళ్ళేవాళ్ళకి ఒకటి చెప్పాలి. లాంచీ దిగగానే అందరూ బుద్ధుడి విగ్రహం దగ్గర ఫొటోలకి పరుగెడతారు. తిరుగు లాంచీకి టైమవుతోందని గైడు తొందరపెడతాడు. మ్యూజియంలో శాసనాలున్న రాళ్ళ దగ్గర ఎవరూ ఆగరు, అక్షరాలు తెలియవు కదా. మీరు ఆగండి. కొడబలిసిరి పేరు అడగండి. వీరపురుషదత్తుడి కూతురు, ఎహువుల శాంతమూలుడి తోబుట్టువు. వనవాసి రాజుకిచ్చి చేశారు. ఇప్పటి కర్ణాటకలో, పడమటి కనుమల దాపున ఉన్న బనవాసి అది. అంత దూరం కాపురానికి పోయిన పిల్ల, తోబుట్టువు రాజ్యానికొచ్చిన పదకొండో ఏట విజయపురిలో మహీశాసక భిక్షువుల కోసం విహారం కట్టించింది. ఆమె శాసనంలో భర్త రాజ్యం ఒక్క మాట. మిగతాదంతా పుట్టిల్లు.